మున్సిపల్ గ్రీన్ బాండు: డబ్బు పోయే దారి, తిరిగొచ్చే దారి

“మున్సిపల్ గ్రీన్ బాండండీ. ఎనిమిది శాతం వడ్డీ. గవర్నమెంటుది కాబట్టి భయం లేదు. పైగా పర్యావరణానికి మేలు.” బాండ్లు అమ్మేవాళ్ళ నోట ఈ మాట ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉంటుంది. దక్షిణ ఒడిశాలో బరంపురం కోర్టుపేటలో రిటైర్మెంటు డబ్బు ఎక్కడ పెట్టాలా అని చూస్తున్న పెద్దాయనకైనా, రాయగడలో కొట్టు అమ్మగా వచ్చిన సొమ్ము చేతిలో ఉన్న ఆవిడకైనా అదంతా ఒకే మాటలా తోస్తుంది. నిజానికి అందులో నాలుగు మాటలున్నాయి. మున్సిపాలిటీది అన్నది నిజం. ఎనిమిది శాతం అన్నది పన్ను కట్టకముందు నిజం. గవర్నమెంటుది అన్నది చాలా సందర్భాల్లో తప్పు. పర్యావరణానికి మేలు అన్నది లెక్క చూస్తే గాని తేలదు.

ఈ చిక్కు విప్పడానికి పట్టుకోవలసిన కొసలు రెండు. మనం ఇచ్చిన డబ్బు ఏ పనికి పోతుంది? మనకు తిరిగి ఇవ్వాల్సిన డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? గ్రీన్ అన్న ముద్ర మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు. రెండో ప్రశ్న జోలికి అది పోదు. అయోమయమంతా ఈ రెండింటినీ కలిపేయడం వల్ల పుట్టిందే.

## ఊరికి అప్పివ్వడం అంటే

బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే బ్యాంకుకు అప్పిచ్చినట్టు. మున్సిపల్ బాండు కొంటే ఊరికి అప్పిచ్చినట్టు. బాండు మీద రాసి ఉన్న మొత్తం ముఖ విలువ, ఏటా ఇస్తామన్న వడ్డీ కూపన్, అసలు తిరిగిచ్చే రోజు గడువు. ఇంతవరకు డిపాజిట్‌కీ దీనికీ పెద్ద తేడా కనిపించదు. తేడా ఎక్కడంటే, బ్యాంకు మునిగితే డిపాజిట్‌కు రూ.5 లక్షల దాకా బీమా ఉంది. బాండుకు అలాంటి బీమా లేదు.

మన దేశంలో మొదటి మున్సిపల్ బాండు 1997లో బెంగళూరుది, రూ.125 కోట్లకు, రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీతో. మరుసటి ఏడాది అహ్మదాబాద్ గ్యారంటీ లేకుండానే రూ.100 కోట్లు తెచ్చి తాగునీటికి, మురుగు కాలువలకు ఖర్చుపెట్టింది. ఆ తర్వాత కొన్ని ఊళ్ళు ఆ బాట పట్టాయి గాని జోరు తగ్గింది. 2015లో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ మున్సిపల్ బాండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చాక రెండో దఫా మొదలైంది. 2017లో పుణె 7.59 శాతానికి రూ.200 కోట్లు తీసుకుంది, నీటి మీటర్లూ పైపులూ వేయడానికి.

మనవైపు వాళ్ళకు దగ్గరగా తెలిసిన ఉదాహరణ హైదరాబాద్. అక్కడి నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ 2018 ఫిబ్రవరిలో రూ.200 కోట్లు 8.90 శాతానికి, అదే ఏడాది ఆగస్టులో రూ.195 కోట్లు 9.38 శాతానికి, 2019 ఆగస్టులో రూ.100 కోట్లు 10.23 శాతానికి తెచ్చింది. అదే ఊరు, అవే రోడ్ల పనులు. ఏడాదిన్నరలో వడ్డీ 1.33 శాతం పాయింట్లు పెరిగింది. మధ్యలో 2018 సెప్టెంబరులో మౌలిక వసతులకు అప్పులిచ్చే పెద్ద సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ కూలి, అప్పుల మార్కెట్ మొత్తం బిగుసుకుపోయింది. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ అదే ఏడాది డిసెంబరులో రూ.80 కోట్లకు 10 శాతం ఇవ్వాల్సి వచ్చింది. ఊరు ఎంత బాగున్నా, అప్పు అడిగిన వేళను బట్టి కూడా వడ్డీ మారుతుందని ఇది చెబుతుంది.

## “గవర్నమెంటుది” అన్న మాటలో ఉన్న పొరపాటు

మున్సిపాలిటీ అప్పు చేయాలంటే రాష్ట్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ కట్టుబాటు పాతదే. స్థానిక సంస్థల రుణాల చట్టం 1914 నాటిది, అంటే గంజాం ఇంకా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులది. కానీ అనుమతి ఇచ్చినంత మాత్రాన హామీ ఉన్నట్టు కాదు. కొడుకు అప్పు చేయడానికి తండ్రి ఒప్పుకోవడం ఒకటి, ప్రామిసరీ నోటు మీద తండ్రి సంతకం పెట్టడం ఇంకొకటి. రాష్ట్ర హామీ ఉంటే బాండు వివరాలు రాసిన ఆఫర్ డాక్యుమెంట్‌లో ఆ మాట విడిగా ఉంటుంది. లేకపోతే లేనట్టే.

హామీ ఉన్నా వడ్డీ తగ్గాలని రూలేం లేదు. 2018 ఆగస్టులో అమరావతి కోసం రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ ఏపీ సీఆర్‌డీఏ రూ.2,000 కోట్ల బాండ్లు వేసింది. రాష్ట్ర హామీ ఉంది. అయినా కూపన్ 10.32 శాతం. కొనేవాళ్ళు హామీ పత్రంతో ఆగకుండా, అప్పు తీర్చే ఆదాయం ఎప్పుడు మొదలవుతుందో కూడా చూస్తారు.

హామీ స్థానంలో మున్సిపల్ బాండ్లు ఆధారపడేది ఎస్క్రో ఖాతా మీద. ఇది పొలాల్లో నీళ్ళ వాటా లాంటిది. ఇంటి పన్ను (ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వస్తే హోల్డింగ్ ట్యాక్స్), నీటి చార్జీలు, లైసెన్స్ ఫీజులు లాంటి ఒప్పుకున్న రాబడి ముందు ఈ ఖాతాలో పడుతుంది. అందులోంచి మొదట వడ్డీ ఖాతా నిండాలి. తర్వాత అసలు తీర్చడానికి ఏటా పక్కనపెట్టే సింకింగ్ ఫండ్ నిండాలి. ఆ తర్వాత మిగిలిందే ఊరి ఖర్చులకు వదులుతారు. బాండుదారుల తరఫున దీన్ని కాపలా కాసేది డిబెంచర్ ట్రస్టీ. ఒక విడత తేడా వస్తే ఆదుకోవడానికి కొన్ని నెలల వడ్డీని నిల్వగా కూడా ఉంచుతారు.

కాగితం మీద ఇది పకడ్బందీ ఏర్పాటే. నేలమీద రెండు చోట్ల ఇబ్బంది పడుతుంది. హోల్డింగ్ ట్యాక్స్ నెలనెలా సమంగా రాదు. రిబేటు గడువు ముందు కొంత, మార్చి నెలాఖరులో కొంత పోగుపడుతుంది. వడ్డీ తేదీ సెప్టెంబరులో ఉంటే చేతిలో డబ్బు ఉండకపోవచ్చు. అందుకే ఎస్క్రో ఒప్పందాల్లో ముందు నెలల నుంచే కొద్దికొద్దిగా పక్కనపెట్టే షరతు ఉంటుంది. రెండోది మన తీరానికి బాగా తెలిసిన సంగతి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచింది. అలాంటి నెలల్లో పన్ను వసూలు ఆగుతుంది, ఖర్చు రెట్టింపవుతుంది. ఎస్క్రో బాండుదారుణ్ణి కాపాడుతుంది, నిజమే. కానీ ఆ నెలలో చెత్త బండికి డీజిల్ డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్నకు ఎస్క్రో జవాబు చెప్పదు.

## ఒక ఊరు ఎంత అప్పు మోయగలదు: ఒక లెక్క

ఇక్కడ ఊహించిన అంకెలు వేసుకుందాం, బరంపురం అంత ఊరు అనుకుని. 2011 జనగణనలో బరంపురం జనాభా 3.56 లక్షలు. ఇలాంటి ఊళ్ళో 60 వేల ఇళ్ళు, దుకాణాలు పన్ను పరిధిలో ఉన్నాయని, సగటున ఒక్కో దానికి ఏడాదికి రూ.2,000 పన్ను అని అనుకుంటే రావాల్సిన మొత్తం (డిమాండ్) రూ.12 కోట్లు. వసూలు 70 శాతమైతే చేతికొచ్చేది రూ.8.4 కోట్లు.

ఇప్పుడు రూ.100 కోట్ల బాండు, 8 శాతం వడ్డీ, పదేళ్ళ గడువు, అసలు చివర్లో ఒకేసారి. ఏటా వడ్డీ రూ.8 కోట్లు. పదేళ్ళకు వంద కోట్లు కూడాలంటే, సింకింగ్ ఫండ్ 7 శాతం సంపాదిస్తుందనుకున్నా ఏటా రూ.7.24 కోట్లు వేయాలి. మొత్తం రూ.15.24 కోట్లు. రాబడి 8.4, అప్పు భారం 15.24. కథ అక్కడే ఆగిపోతుంది.

పోనీ ఎంత వరకు మోయగలదు? అప్పిచ్చేవాళ్ళు ఏటా కట్టాల్సిన దానికి కనీసం ఒకటిన్నర రెట్ల రాబడి ఎస్క్రోలో పడాలని పట్టుబట్టారనుకుందాం. 8.4ను ఒకటిన్నరతో భాగిస్తే రూ.5.6 కోట్లు. ఏటా అంత కట్టగలిగితే మోయగల బాండు సుమారు రూ.37 కోట్లు. ఇప్పుడు పన్ను రేటు పైసా పెంచకుండా వసూలును 70 నుంచి 95 శాతానికి తెచ్చారనుకోండి. రాబడి 11.4 కోట్లు, ఏటా కట్టగలిగేది 7.6 కోట్లు, మోయగల బాండు దాదాపు రూ.50 కోట్లు. ఊరికి ఉన్న అప్పు స్తోమత సోలార్ ప్యానెళ్ళ కన్నా ముందు పన్ను వసూలు రిజిస్టరులో కనిపిస్తుంది.

ఒడిశాలో ఈ లెక్కకు ఇంకో ముడి ఉంది. 1999లో రాష్ట్రం ఆక్ట్రాయ్ (ఊళ్ళోకి వచ్చే సరుకు మీద మున్సిపాలిటీ వేసే పన్ను) ఎత్తేసి, తానే వసూలు చేసే ఎంట్రీ ట్యాక్స్ తెచ్చింది. ఊరి గేటు దగ్గర వచ్చే సొంత రాబడి పోయి, దాని బదులు రాష్ట్రం ఇచ్చే పరిహార గ్రాంటు వచ్చింది. అహ్మదాబాద్ 1998లో తన బాండుకు ఆసరాగా చూపించింది ఆక్ట్రాయ్ రాబడినే అన్నది గుర్తుపెట్టుకోవాలి. పైగా ఒడిశా పట్టణాల్లో నీటి సరఫరా ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్ విభాగం, వాట్కో అనే నీటి సంస్థల చేతుల్లో ఉంది. నీటి బిల్లు డబ్బు మున్సిపాలిటీది కానప్పుడు, నీటి పథకానికి మున్సిపాలిటీ బాండు వేస్తే ఎస్క్రోలో ఏం చూపిస్తుంది? ముందు ఆ ఒప్పందం తేలాలి.

## గ్రీన్, సస్టెయినబుల్, ఇంపాక్ట్: మూడూ ఒకటి కాదు

గ్రీన్ బాండు మామూలు బాండే. వచ్చిన డబ్బును ఫలానా పర్యావరణ పనులకే వాడతామని ముందే మాట ఇవ్వడం ఒక్కటే అదనం. ఈ రకం బాండ్లకు 2007లో యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఆద్యురాలు. నగరాల్లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ 2013లో ముందుకొచ్చింది. మన సెబీ 2017లో గ్రీన్ అప్పు పత్రాలకు నిబంధనలు పెట్టింది, 2023 ఫిబ్రవరిలో బిగించింది. నీటికి సంబంధించిన వాటికి బ్లూ అని, సౌర విద్యుత్తుకు ఎల్లో అని ఉపజాతులు కూడా అప్పుడే వచ్చాయి. రంగుల పేర్లు చూసి కంగారుపడక్కర్లేదు, లోపలి కాగితాలు దాదాపు ఒకటే.

పేదల ఇళ్ళు, ఆసుపత్రుల వంటి పనులకు తీసుకునేది సోషల్ బాండు. పర్యావరణం, సమాజం రెండూ కలిస్తే సస్టెయినబిలిటీ బాండు. వీటికి సెబీ 2025 జూన్‌లో చట్రం ఇచ్చింది. అదే చట్రంలో ఇంకో జాతి ఉంది, సస్టెయినబిలిటీ లింక్డ్ బాండు. ఇందులో డబ్బు దేనికైనా వాడుకోవచ్చు, కానీ ముందు చెప్పిన లక్ష్యం చేరకపోతే బాండు షరతులు మారతాయి, ఎక్కువగా వడ్డీ పెరుగుతుంది.

ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్ అనేది బాండు రకం కాదు, పెట్టుబడి పెట్టేవాడి ఉద్దేశం. అందులో మూడు షరతులు దాగి ఉంటాయి. మేలు చేయాలన్న సంకల్పం ముందే ఉండాలి. ఆ మేలు కొలిచి చూపించాలి. ఈ డబ్బు రాకపోతే ఆ మేలు జరిగేది కాదు అని చెప్పగలగాలి. మొదటి రెండూ కాగితంతో అయిపోతాయి. మూడోదే చాలామందిని ఇబ్బంది పెట్టే ప్రశ్న.

## గాజియాబాద్ నీళ్ళు, ఇందోర్ ఎండ

మన దేశంలో మొదటి మున్సిపల్ గ్రీన్ బాండు 2021లో గాజియాబాద్‌ది. రూ.150 కోట్లు, 8.10 శాతం. పని: ఇందిరాపురంలో మురుగునీటిని మూడో దశ దాకా శుద్ధిచేసి, రోజుకు 4 కోట్ల లీటర్లు సాహిబాబాద్ పరిశ్రమలకు అమ్మడం. డబ్బు పోయే దారీ, తిరిగొచ్చే దారీ ఒకే పైపులో ఉండటం ఇందులో ముచ్చటైన విషయం. ఇలాంటి పథకాలు సాధారణంగా దెబ్బతినేది యంత్రాల దగ్గర కాదు, కొనుగోలు ఒప్పందం దగ్గర. పక్కనే బోరు నీళ్ళు చౌకగా దొరుకుతుంటే ఏ ఫ్యాక్టరీ అయినా శుద్ధి నీటికి ఎక్కువ ఎందుకిస్తుంది? అందుకే వాడినా వాడకపోయినా కనీస మొత్తం చెల్లించాలన్న షరతుకు ఇంత విలువ. రాయగడ, గోపాల్‌పూర్ చుట్టుపక్కల నీళ్ళు తాగే పరిశ్రమలు ఉన్నాయి కాబట్టి ఈ నమూనా మనవైపు అక్కరకు రానిదేమీ కాదు.

చిన్న మదుపుదారుకు ఇంకా దగ్గరైనది ఇందోర్. 2023 ఫిబ్రవరిలో రూ.244 కోట్ల పబ్లిక్ ఇష్యూ వేసింది. అందరికీ తెరిచిన మొదటి మున్సిపల్ గ్రీన్ బాండు అది. మొదట అడిగిన రూ.122 కోట్లకు దాదాపు ఆరు రెట్ల దరఖాస్తులు వచ్చాయి. నర్మద నీళ్ళను జలూద్ నుంచి కొండలు ఎక్కించి ఊరికి తేవడానికి ఇందోర్ అప్పట్లో నెలకు సుమారు రూ.25 కోట్ల కరెంటు బిల్లు కట్టేది. ఆ బిల్లు తగ్గించడానికి ఖర్గోన్ జిల్లాలో 60 మెగావాట్ల సౌర కేంద్రం పెట్టాలన్నది ఆలోచన.

ఆ బాండు ఎలా తిరిగొస్తుందో రూ.10,000 మీద చూద్దాం. రూ.1,000 ముఖ విలువను నాలుగు రూ.250 ముక్కలు చేశారు. 3, 5, 7, 9 ఏళ్ళకు ఒక్కో ముక్క తీరుతుంది. కూపన్ 8.25 శాతం, ఆరు నెలలకోసారి చెల్లింపు. మొదటి మూడేళ్ళు ఏటా వడ్డీ రూ.825. మూడో ఏట రూ.2,500 అసలు వచ్చేస్తుంది కాబట్టి తర్వాతి రెండేళ్ళు వడ్డీ రూ.618.75. ఐదో ఏట ఇంకో రూ.2,500 పోతే రెండేళ్ళ పాటు రూ.412.50. చివరి రెండేళ్ళు రూ.206.25. మొత్తం వడ్డీ రూ.4,950. తొమ్మిదేళ్ళ బాండు అని విని తొమ్మిదేళ్ళూ 825 వస్తుందనుకుంటే లెక్క రూ.2,475 తప్పుతుంది. ఈ ముక్కల పద్ధతిలో సగటు కాలం ఆరేళ్ళే.

ఇందోర్ పథకంలో తిరిగొచ్చే దారి కొంచెం వంకర. కరెంటు బిల్లు తగ్గడం ఆదా, రాబడి కాదు. ఆదా అయిన డబ్బు దానంతట అది ఎస్క్రోలోకి నడిచిరాదు. దాన్ని వేరే పనికి ఖర్చుపెట్టేస్తే బాండుదారుకు మిగిలేది మళ్ళీ ఇంటి పన్నే.

## టన్నుల లెక్క ఎలా పుడుతుంది

గ్రీన్ బాండు నివేదికల్లో “ఏటా ఇన్ని వేల టన్నుల కర్బన ఉద్గారాలు తప్పాయి” అని ఉంటుంది. ఆ అంకె ఎవరో కొలిచింది కాదు, గుణించింది. 60 మెగావాట్ల కేంద్రాన్నే తీసుకోండి. ఏడాదికి 8,760 గంటలు. రాత్రి, మబ్బు, దుమ్ము అన్నీ పోగా పూర్తి సామర్థ్యంలో 20 శాతం పనిచేస్తుందనుకుంటే సుమారు 10.5 కోట్ల యూనిట్లు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు దాదాపు 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందన్న లెక్కతో గుణిస్తే 75 వేల టన్నుల పైచిలుకు. అదే 20 బదులు 25 శాతం అనుకుంటే 94 వేల టన్నులు దాటుతుంది. ప్యానెల్ ఒక్కటి కూడా పెరగలేదు, ఊహ మారింది, అంతే. కాబట్టి నివేదికలో టన్నుల కన్నా ముందు చూడాల్సింది ఏ ఊహలు పెట్టుకున్నారు, తర్వాతి సంవత్సరాల్లో నిజంగా వచ్చిన యూనిట్లతో సరిచేశారా అన్నది.

సౌర విద్యుత్తు లెక్క తేలికే. తుపాను కాలువల లెక్క వేయండి చూద్దాం. ఋషికుల్య, బాహుడా పరీవాహకాల్లో ఊళ్ళకు కావాల్సింది వాన నీరు పోయే పెద్ద కాలువలు, పూడిక తీసిన చెరువులు, గాలికి కూలని కరెంటు లైన్లు. వీటి మేలు “రాని వరద”. రాని వరదను ఎవరూ మీటరుతో కొలవలేరు. పైగా కాలువ మీద బిల్లు వేయలేం. తీర జిల్లాలకు అన్నిటికన్నా అవసరమైన పనులే బాండు చట్రంలో ఇమడవు. గ్రీన్ బాండ్లు ఎక్కువగా సోలార్, నీటి శుద్ధి, లైట్ల చుట్టూ తిరగడానికి కారణం ఇదే. ఇది ఎవరి దురుద్దేశమూ కాదు, కొలతకూ రాబడికీ లొంగే పనుల వైపు డబ్బు జారుతుంది.

## ఆరు లక్షలు, పదమూడు కోట్లు

గ్రీన్ ముద్ర ఉంటే మదుపుదారులు కాస్త తక్కువ వడ్డీకే ఇస్తారని అంటారు. ఆ తేడాకు గ్రీనియం అని పేరు. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో మొదటి గ్రీన్ బాండ్లు అమ్మినప్పుడు అది 5, 6 బేసిస్ పాయింట్లు, అంటే శాతంలో వందో వంతులు ఐదారు. 2024లో కొన్ని వేలాలకు ఆ మాత్రం గిరాకీ కూడా రాలేదు. ఊరి బాండుకు 6 బేసిస్ పాయింట్లు తగ్గాయనుకుందాం. రూ.100 కోట్ల మీద ఏటా మిగిలేది రూ.6 లక్షలు. బయటి సమీక్షకుడికి, ఏటా నివేదికలకు అయ్యే ఖర్చు ఇందులోంచే పోవాలి.

ఇప్పుడు ఇంకో అంకె. పట్టణాల నీటి, మురుగు వసతులకు కేంద్రం పెట్టిన అమృత్ పథకం కింద బాండు వేసిన నగరానికి కేంద్రం ప్రతి రూ.100 కోట్లకు రూ.13 కోట్ల ప్రోత్సాహకం ఇస్తుంది, గరిష్ఠం రూ.26 కోట్లు. 8 శాతం, పదేళ్ళ బాండుకు ఆ 13 కోట్లు మొదటి రోజే చేతికొచ్చాయనుకుంటే ఊరికి నిజంగా పడే వడ్డీ దాదాపు 6.2 శాతం. ఊళ్ళను బాండ్ల వైపు లాగుతున్నది పచ్చ రంగా, పదమూడు కోట్లా అన్నదానికి ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు. రూ.200 కోట్ల బాండ్లు ఇంత తరచుగా కనిపించడం కూడా యాదృచ్ఛికం కాకపోవచ్చు. ప్రోత్సాహకం ఆగేది అక్కడే మరి.

## పర్లాకిమిడి ఒంటరిగా బాండు వేయడం కుదరదు

2011 లెక్కల్లో పర్లాకిమిడి జనాభా 46 వేలు, రాయగడ 71 వేలు, జయపురం 84 వేలు. వీటి అవసరాలు నిజమైనవే, కానీ చిన్నవి. సెప్టిక్ ట్యాంకు మలాన్ని శుద్ధిచేసే కేంద్రం, మహిళా సంఘాలు నడిపే ఎరువు తయారీ షెడ్లు, వీధి లైట్లు. కొన్ని కోట్ల పనికి రేటింగ్ ఏజెన్సీ, మర్చంట్ బ్యాంకరు, ట్రస్టీ, లాయరు, లిస్టింగు అంటే గోరంత దీపానికి కొండంత నూనె.

దీనికి మార్గం తమిళనాడు 2002లోనే చూపించింది. పదికి పైగా చిన్న పట్టణాల నీటి, మురుగు పనులను ఒక మూటగా కట్టి, ఒక పూల్డ్ ఫండ్ పేరుతో రూ.30.41 కోట్ల బాండు వేసింది. 15 ఏళ్ళు, 9.20 శాతం. ఏ ఊరైనా కట్టకపోతే రాష్ట్రం ఆ ఊరికి ఇవ్వాల్సిన నిధుల్లోంచి కోసుకునే ఏర్పాటు పెట్టారు. పైన అమెరికా సహాయ సంస్థ అసలులో సగానికి హామీ ఇచ్చింది. ఒడిశాలో జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ సాయంతో పట్టణ మౌలిక వసతుల నిధి ఒకటి ఉంది, అది పట్టణాలకు అప్పులిస్తుంది. మూటగట్టే పనికి అలాంటి సంస్థ సహజమైన వేదిక. చిక్కల్లా గ్రాంట్లలోంచి కోసుకోవడం దగ్గరే. ఊరి సొంత రాబడి చాలనప్పుడు ఆ కోత ఆ ఊరి జీతాల మీద, పారిశుధ్యం మీద పడుతుంది.

## ముద్ర మీద వాదులాట

ముద్ర పనికొస్తుందనేవాళ్ళ వాదన ఇది: గ్రీన్ బాండు వేయాలంటే ఊరు తన లెక్కలు ఆడిట్ చేయించి బయటపెట్టాలి, డబ్బు విడి ఖాతాలో ఉంచాలి, ఏటా నివేదిక ఇవ్వాలి. కార్పొరేషన్ల ఖాతాలు ఏళ్ళ తరబడి ఆడిట్ కాకుండా పడి ఉండే చోట ఈ క్రమశిక్షణే పెద్ద మేలు, వడ్డీ తగ్గడం ఆ తర్వాత. ఈ మాటలో బలముంది.

అవతలివాళ్ళు డబ్బుకు రంగుండదు అంటారు. సౌర కేంద్రాన్ని ఊరు ఎలాగూ కట్టేదే అయితే, గ్రీన్ బాండు వల్ల మిగిలిన సొంత డబ్బుతో ఇంకో ఫ్లైఓవర్ లేస్తుంది. బయటికి పచ్చగా కనిపించేది మామూలు బడ్జెట్టే. అమెరికాలోని మసాచుసెట్స్‌లో గ్రీన్ బాండు డబ్బు కొంత కాలేజీ కారు పార్కింగుకు పోయిందని దుమారం రేగింది. పార్కింగును పచ్చదనం ఖాతాలో ఎలా రాస్తారన్నది అక్కడి ప్రశ్న. ఇక మూడో వర్గం మాట వేరు. బాండు తీరాలంటే చార్జీలు పెరగాలి, అవి ఎలా వేస్తారన్నదాన్ని బట్టి భారం మురికివాడ మీదా, షాపింగ్ కాంప్లెక్సు మీదా వేరువేరుగా పడుతుంది. పర్యావరణ నివేదికలో ఈ కాలమ్ ఉండదు.

ముగ్గురి మాటా పూర్తిగా కొట్టిపారేయలేనిదే. కాకపోతే రెండో అభ్యంతరం పెద్ద నగరాలకు ఎక్కువ వర్తిస్తుంది. సొంత డబ్బు అసలే లేని ఊరికి మిగిలి వేరే పనికి పోయేదేం ఉండదు.

## చేతికొచ్చే వడ్డీ, చేతిలో ఇరుక్కునే బాండు

మున్సిపల్ బాండు వడ్డీకి పన్ను ఉండదన్నది పాత రోజుల జ్ఞాపకం, కొంత అమెరికా కబురు. ఇప్పటి మన బాండ్ల వడ్డీ ఆదాయంలో కలుస్తుంది. 30 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి 31.2 శాతం పోతే 8.25 శాతం కాస్తా 5.68 అవుతుంది. 20 శాతం శ్లాబులో 6.53. లిస్టయిన బాండ్ల వడ్డీ మీద టీడీఎస్ (చెల్లించేటప్పుడే పన్ను కోత) మినహాయింపు 2023 ఏప్రిల్ నుంచి పోయింది. ఏడాదికి పైగా ఉంచి లాభానికి అమ్మితే ఆ లాభం మీద 12.5 శాతం.

అమ్మడం అంత సులువు కూడా కాదు. ఇష్యూల్లో చాలావరకు ప్రైవేట్ ప్లేస్‌మెంట్లు, అంటే బ్యాంకులు, ఫండ్లు, బీమా సంస్థలు మొత్తంగా తీసుకునేవి. అవి గడువు దాకా పెట్టుకునే రకం. ఎక్స్ఛేంజీలో పేరు కనిపించినా కొనేవాడు కనిపించడు. ఈలోగా మార్కెట్ వడ్డీలు ఒక శాతం పెరిగితే, ఐదేళ్ళు మిగిలి ఉన్న 8.25 శాతం బాండు రూ.1,000 నుంచి దాదాపు రూ.961కి దిగుతుంది. కొనేవాడు దొరకని చోట ఆ 961 కూడా రాదు.

ఇక మాట తప్పితే ఏమవుతుంది? సోలార్ కోసం తీసుకున్న డబ్బు వేరే పనికి వాడితే అది వడ్డీ ఎగవేత కిందకు రాదు, బాండు మామూలుగానే నడుస్తుంది. 2023 సెబీ నిబంధనల ప్రకారం ఆ సంగతి మదుపుదారులకు చెప్పాలి. బాండుదారుల్లో మెజారిటీ కోరితే ముందుగానే అసలు తిరిగివ్వాలి. రూ.10,000 పెట్టిన కోర్టుపేట పెద్దాయనకూ అందులో ఓటుంది. కానీ మెజారిటీ లెక్కించేది తలలతో కాదు, పెట్టిన డబ్బుతో.